దెబ్బ బరువెంత?

మీ ఇంట్లో కరాటేకో టైక్వాండోకో వెళ్ళే పిల్లలుంటే ఈ వీడియో మీ కంట పడే ఉంటుంది. ఫ్రాన్సిస్ ఎన్గానూ అనే కొండంత మనిషి ఒక యంత్రానికున్న మెత్తటి పలక మీద ఒక్క గుద్దు గుద్దుతాడు. 129,161 అనే అంకె వస్తుంది. ప్రపంచంలోకెల్లా గట్టి గుద్దు ఇదేనని, కారొచ్చి గుద్దినంత పని అని చెప్పుకుంటారు. పిల్లలు నోరెళ్ళబెడతారు, మనం "అబ్బో" అనుకుని ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ చేసేస్తాం.

సరే, ఆ 129,161 ఏమిటి? కిలోలా, పౌండ్లా? రెండూ కాదు. ఆ యంత్రం తయారు చేసినవాళ్ళు పెట్టుకున్న సొంత లెక్క అది. ఇంకో యంత్రం మీద అదే మనిషి అదే గుద్దు గుద్దితే ఇంకో అంకె వస్తుంది. మన ఊళ్ళో ఒకరు సోలతో, ఇంకొకరు గిద్దతో కొలిచి ఎవరి బియ్యం ఎక్కువని పోట్లాడుకున్నట్టు ఉంటుంది వ్యవహారం.

అయితే దెబ్బని నిజంగా కొలవడం అనేది ఒకటుంది. దానికి చాలా పెద్ద చరిత్రే ఉంది. అందులో ఫిరంగులున్నాయి, అంతరిక్షంలోకి వెళ్ళిన ఒక కరాటే వీరుడున్నాడు, మన నిజామాబాద్ అమ్మాయి కూడా ఉంది. ఆ కథ చెప్పుకుందాం రండి. చివర్లో మీ పిల్లల క్లాసులో మీరు అడగాల్సిన ప్రశ్నలు కూడా కొన్ని దొరుకుతాయి.

ఊగే దుంగ

ఎవరైనా మన భుజం మీద గుద్దితే, ఎంత గట్టిగా గుద్దారో మనం ఎలా చెబుతాం? ఎంత వెనక్కి తూలామో చూసి చెబుతాం. సరిగ్గా ఈ ఆలోచనే 1742లో బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్తకి వచ్చింది. ఆయనకి కావలసింది తుపాకీ గుండు వేగం. కంటికి ఆనని వేగాన్ని కొలవడం ఎలా? బరువైన చెక్కని ఉయ్యాల లాగా వేలాడదీశాడు. దానిలోకి గుండు పేల్చాడు. చెక్క వెనక్కి ఊగింది. ఎంత ఊగిందో దానికి కట్టిన రిబ్బను చెప్పింది. చెక్క బరువు తెలుసు, గుండు బరువు తెలుసు, ఊగిన దూరం తెలుసు. మిగతాది లెక్క. బాలిస్టిక్ పెండ్యులం అనే ఈ పరికరం గురించి రాసిన పుస్తకాన్ని మూడేళ్ళకి ఆయిలర్ అంతటివాడు జర్మన్‌లోకి అనువదించాడు.

ఈ రాబిన్స్‌కి మన వైపుతో సంబంధం ఉంది. ఈస్టిండియా కంపెనీ కోటల్ని బాగుచెయ్యడానికి 1750లో ఆయన మన దేశం వచ్చాడు. మరుసటి ఏడే కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు. ఆయన ఊగే చెక్క మాత్రం బతికే ఉంది. సుమారు 240 ఏళ్ళ తర్వాత ఒక బాక్సర్ ముందు మళ్ళీ వేలాడుతుంది, చూడండి.

ఫోటోల్లో ఆగిన చెయ్యి

గుద్దు వేగాన్ని చూడాలంటే కాలాన్ని ముక్కలు ముక్కలుగా కొయ్యాలి. ఆ పని కెమెరా చేసింది. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఎడ్‌వర్డ్ మైబ్రిడ్జ్ వరసగా కెమెరాలు పెట్టి మనుషుల, జంతువుల కదలికల్ని ఫోటోలు తీశాడు. 1887లో 781 పలకలుగా అవి అచ్చయ్యాయి. నడిచేవాళ్ళు, దూకేవాళ్ళు, మెట్లెక్కే ఆడవాళ్ళతో పాటు బాక్సింగ్ చేసేవాళ్ళు కూడా వాటిలో ఉన్నారు. ఒక ఫోటోకి, తర్వాతి ఫోటోకి మధ్య ఎంత సమయమో తెలిస్తే, ఆలోగా పిడికిలి ఎంత దూరం వెళ్ళిందో చూసి వేగం చెప్పెయ్యొచ్చు. ఇవాళ్టి హైస్పీడ్ కెమెరాలు చేసేదీ ఇదే.

ఈ పద్ధతిని కరాటే మీద చక్కగా వాడిన వ్యాసం ఒకటి 1979 ఏప్రిల్‌లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో వచ్చింది. రాసినవాళ్ళు ముగ్గురు: మైకేల్ ఫెల్డ్, రోనాల్డ్ మెక్‌నైర్, స్టీఫెన్ విల్క్. వీళ్ళలో మెక్‌నైర్ గురించి మీ పిల్లలకి తప్పకుండా చెప్పండి. 1950లో సౌత్ కరోలినాలో లేక్ సిటీ అనే చిన్న ఊళ్ళో పుట్టిన నల్లజాతి కుర్రాడు. తొమ్మిదేళ్ళప్పుడు ఊరి లైబ్రరీలో పుస్తకాలు అడిగితే నల్లవాళ్ళకి ఇవ్వం పొమ్మన్నారు. పిల్లాడు కదల్లేదు. పోలీసుల్ని పిలిచారు, వాళ్ళమ్మనీ పిలిపించారు. చివరికి పుస్తకాలు తీసుకునే ఇంటికెళ్ళాడు. 1976లో ఎంఐటీలో లేజర్ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేశాడు. కరాటేలో బ్లాక్ బెల్ట్. 1984లో అంతరిక్షంలోకి వెళ్ళొచ్చాడు. రెండోసారి వెళ్ళబోతూ 1986 జనవరి 28న చాలెంజర్ ప్రమాదంలో మిగతా ఆరుగురితో పాటు చనిపోయాడు. ఒకప్పుడు పుస్తకాలివ్వనన్న ఆ లైబ్రరీ భవనానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు.

ఆ వ్యాసం చెప్పిందేమిటంటే, బాగా సాధన చేసిన కరాటే వాళ్ళ చెయ్యి సెకనుకి 10 నుంచి 14 మీటర్ల వేగం అందుకుంటుంది. అంటే గంటకి 36 నుంచి 50 కిలోమీటర్లు. ఆ దెబ్బలో బలం 3,000 న్యూటన్లు దాటుతుంది.

న్యూటన్ అంటే భయపడకండి. ఓ వంద గ్రాముల చిన్న జామకాయ అరచేతిలో పెట్టుకోండి. అది మీ చేతిని కిందికి నొక్కే బలం సుమారు ఒక న్యూటన్. 3,000 న్యూటన్లంటే మూడు వందల కిలోల పైమాట. అయితే ఆ బరువు మన మీద అలా కూర్చుని ఉండదు. సెకనులో చిన్న ముక్కసేపు ఉండి పోతుంది.

ఇంకో ముచ్చట కూడా తేలింది. చెయ్యి పూర్తిగా చాచినప్పుడు వేగం ఎక్కువ ఉండదు. సుమారు ముప్పావు వంతు చాచినప్పుడే ఎక్కువ. ఆ తర్వాత చెయ్యి తనంతట తానే నెమ్మదిస్తుంది. పలక మీద కాదు, పలక అవతల గురి పెట్టు అని కరాటే మాస్టర్లు పిల్లలకి చెబుతుంటారే, దాని వెనకున్న కారణం ఇదీ. శతాబ్దాల అనుభవంతో గురువులు చెప్పిన మాటకి లెక్క దొరికింది.

బ్రూనో గుద్దు

ఇక బాక్సింగ్‌కి వద్దాం. 1985లో ఫ్రాంక్ బ్రూనో బ్రిటన్‌లో పేరున్న హెవీవెయిట్ బాక్సర్. ఇంగ్లాండులో లఫ్‌బరో విశ్వవిద్యాలయం వాళ్ళు ఆయన ముందు మెత్త చుట్టిన, లోపల సెన్సర్లున్న ఓ బరువుని వేలాడదీశారు. అవును, రాబిన్స్ పెండ్యులమే. గుండు బదులు పిడికిలి.

బ్రూనో పిడికిలి అరమీటరు కూడా ప్రయాణం చెయ్యలేదు, 49 సెంటీమీటర్లంతే. తగిలేసరికి వేగం సెకనుకి 8.9 మీటర్లు, అంటే గంటకి ఇరవై మైళ్ళు. మీరు స్కూలు ముందు కారు నెమ్మదిగా పోనిచ్చే వేగం అది. బలం 4,096 న్యూటన్లు. పాతిక కిలోల బియ్యం బస్తాలు పదహారు ఒకదాని మీద ఒకటి పేర్చినంత. ఆ బలం పతాక స్థాయికి చేరడానికి పట్టింది 14 మిల్లీసెకన్లు. రెప్పపాటుకి సెకనులో పదో వంతు పడుతుంది అనుకుంటే, ఇది అందులో ఏడో వంతు. ఆరు కిలోల మెత్త చుట్టిన సుత్తితో, గంటకి ఇరవై మైళ్ళ వేగంతో కొట్టినట్టు ఉంటుందని ఆ పరిశోధకులే పోల్చారు. ఈ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. డాక్టర్ల పత్రికలో ఎందుకు వచ్చాయో కాసేపట్లో తెలుస్తుంది.

ముందు ఇంకో లెక్క చూడండి. 2000 సంవత్సరంలో ఇంగ్లాండులోనే మరికొందరు వేరే రకం కొలత యంత్రం తయారుచేశారు. దాని మీద ఆరితేరిన బాక్సర్లు వెనక చేత్తో గుద్దితే సగటున 4,800 న్యూటన్లు వచ్చాయి. మధ్య రకం వాళ్ళకి 3,722, కొత్తవాళ్ళకి 2,381. సాధన వల్ల దెబ్బ రెట్టింపవుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది. మరి ఈ 4,800 చూసి బ్రూనో కంటే వీళ్ళే బలవంతులనుకోవచ్చా? అనుకోకూడదు. వేలాడే బరువు దెబ్బకి వెనక్కి జరుగుతుంది. కదలకుండా బిగించినది జరగదు. చెట్టు మీది మామిడికాయ చిక్కంలో పడితే ఏమీ కాదు, అదే కాయ అంతే ఎత్తు నుంచి బండ మీద పడితే చితుకుతుంది. ఎంతసేపట్లో ఆగిందన్న దాన్నిబట్టి బలం మారుతుంది. అందుకే ఏ యంత్రం, ఎలా బిగించారు అన్నది చెప్పకుండా ఎవరైనా గుద్దు అంకె పంపితే, దాన్ని ఇంకో అంకెతో పోల్చకండి.

అంకె ఆటలోకి వచ్చింది

ప్రయోగశాలలో ఉన్న కొలత పోటీల్లోకి రావడానికి కారణం ఇద్దరు ఆడవాళ్ళ మధ్య జరిగిన ఒక మ్యాచ్ కూడా. 2008 బీజింగ్ ఒలింపిక్స్. టైక్వాండో క్వార్టర్ ఫైనల్. అప్పటికే రెండుసార్లు ఒలింపిక్ బంగారు పతకం గెలిచిన చైనా అమ్మాయి చెన్ జోంగ్ ఒక పక్క, బ్రిటన్‌కి చెందిన సారా స్టీవెన్‌సన్ ఇంకో పక్క. ఆఖరి క్షణాల్లో సారా తన్ను చెన్ తలకి తగిలింది. న్యాయనిర్ణేతలు పాయింట్లు ఇవ్వలేదు. సొంత గడ్డ మీద చెన్ గెలిచినట్టు ప్రకటించారు. బ్రిటన్ వాళ్ళు ఫిర్యాదు చేశారు. వీడియో చూసి ఫలితం తిరగరాశారు. సారా చివరికి కాంస్యం గెలిచింది.

తర్వాతి ఒలింపిక్స్, 2012 లండన్ నాటికి, టైక్వాండోలో ఎలక్ట్రానిక్ కవచాలు వచ్చేశాయి. కవచంలో సెన్సర్లు, పాదాల మేజోళ్ళలో అయస్కాంతాలు. తన్ను తగిలిందా, నిర్ణయించిన బలాన్ని దాటిందా అన్నది యంత్రం చూస్తుంది. ఆ హద్దు బరువు తరగతిని బట్టి మారుతుంది. 2016 రియోలో తల కవచాలు కూడా ఎలక్ట్రానిక్ అయ్యాయి.

దీనివల్ల న్యాయం పెరిగింది, ఆట కూడా మారిపోయింది. యంత్రం ఏది లెక్కపెడుతుందో ఆటగాళ్ళు దానికే అలవాటు పడ్డారు. ముందు కాలు ఎత్తి పట్టుకుని, కత్తి యుద్ధంలా పాదంతో తాకి తాకి పాయింట్లు తెచ్చుకోవడం ఎక్కువైందని పాత తరం వాళ్ళు విసుక్కుంటారు. పరీక్షలో ఏది వస్తుందో అదే చదివే పిల్లల్ని చూసిన మనకి ఇది కొత్తేం కాదు.

దెబ్బ తిన్నవాళ్ళ లెక్క

ఇప్పటిదాకా మనం విన్నవన్నీ కొట్టేవాడి అంకెలు. ఎంత గట్టిగా కొట్టాడు, ఎంత వేగంగా కొట్టాడు. మరి దెబ్బ తిన్నవాళ్ళ సంగతి? దీనికోసం కాస్త వెనక్కి, 1928కి వెళ్దాం. ఊరు న్యూజెర్సీలో నెవార్క్. మనలో చాలామంది విమానం దిగే ఊరే.

అక్కడ హారిసన్ మార్ట్‌లాండ్ అనే డాక్టరు ఉండేవాడు. అంతకు మూడేళ్ళ ముందు ఆ దగ్గర్లోనే గడియారం ముళ్ళకీ అంకెలకీ చీకట్లో మెరిసే రేడియం రంగు పూసే ఆడపిల్లలు జబ్బుపడి చనిపోతుంటే, కారణం రేడియమేనని రుజువు చేసినవాళ్ళలో ఈయనొకడు. కుంచె మొన సన్నగా రావాలని పెదాలతో తడుపుకోమని ఆ పిల్లలకి నేర్పించారు. అలా రేడియం ఒంట్లోకి పోయింది. పని చేసేవాళ్ళ ఒంట్లో నెమ్మదిగా జరిగే నష్టాన్ని చూడటం ఆయనకి అలవాటు. 1928లో ఆయన కన్ను బాక్సర్ల మీద పడింది. కొన్నేళ్ళు గుద్దులు తిన్నాక తూలుతూ నడిచేవాళ్ళు, మాట ముద్దయ్యేవాళ్ళు, మతిమరుపు వచ్చేవాళ్ళు. బాక్సింగ్ జనం "పంచ్ డ్రంక్" అని నవ్వుకునేవారు. అది నవ్వులాట కాదని, మెదడులో జరిగిన నష్టమని మార్ట్‌లాండ్ డాక్టర్ల పత్రికలో రాశాడు. 1973లో కోర్సెలిస్, ఆయన సహచరులు ఇంగ్లాండులో చనిపోయిన 15 మంది మాజీ బాక్సర్ల మెదళ్ళు పరీక్షించి ఆ నష్టాన్ని కళ్ళకి కట్టారు.

పుర్రె పగలకుండానే లోపల మెదడు ఎలా పాడవుతుంది? దీనికి జవాబు 1943లో ఆక్స్‌ఫర్డ్‌లో హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రవేత్త ఇచ్చాడు. యుద్ధం రోజుల్లో మోటార్ సైకిల్ ప్రమాదాల మీద, హెల్మెట్ల మీద అక్కడ పని జరుగుతుండేది. ఆయన జెలటిన్‌తో మెదడు నమూనాలు చేసి తిప్పి చూశాడు. మనం జున్నుతో ఊహించుకుందాం. గిన్నెలో జున్ను ఉంది. గిన్నెని తిన్నగా ముందుకి జరిపితే జున్నుకి పెద్దగా ఏమీ కాదు. అదే గిన్నెని చటుక్కున మెలితిప్పితే జున్ను లోపల పగుళ్ళు వస్తాయి. తల గిర్రున తిరిగేలా దవడ మీద పడే గుద్దు ప్రమాదకరం కావడానికి కారణం ఈ మెలికే.

బ్రూనో లెక్కలు డాక్టర్ల పత్రికలో వచ్చింది ఇందుకే. తలలా ఏర్పాటు చేసిన ఆ బరువు మీద పడిన అదురు భూమి ఆకర్షణకి 53 రెట్లు ఉందని వాళ్ళు చెప్పారు. 2005లో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో అడుగు వేశారు. కార్ల ప్రమాద పరీక్షల్లో వాడే హైబ్రిడ్ త్రీ అనే బొమ్మని ఏడుగురు ఒలింపిక్ బాక్సర్ల ముందు పెట్టి, ముఖం మీద గుద్దించారు. బొమ్మ తలలో సెన్సర్లు. సగటు బలం 3,427 న్యూటన్లు, చేతి వేగం సెకనుకి 9 మీటర్ల పైన. తల ఎంత అదిరిందో దాంతో పాటు ఎంత వేగంగా మెలి తిరిగిందో కూడా కొలిచారు. హోల్‌బోర్న్ జెలటిన్‌లో చూసింది ఇక్కడ అంకెల్లోకి వచ్చింది.

అమ్మాయిల అంకెలు ఏవి?

ఇంతవరకు చదివాక మీకో అనుమానం వచ్చే ఉండాలి. బ్రూనో మగవాడు. ఆ ఏడుగురు ఒలింపిక్ బాక్సర్లూ మగవాళ్ళే. 2005 నాటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ బాక్సింగే లేదు మరి. గుద్దులు తిన్న బొమ్మ కూడా మధ్యస్థంగా ఉండే మగవాడి కొలతలతో చేసిందే.

ఆడవాళ్ళ బాక్సింగ్ 2012లో లండన్‌లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. నికోలా ఆడమ్స్ మొదటి బంగారు పతకం గెలిచింది, మన మేరీ కోమ్ కాంస్యం తెచ్చింది. మరుసటి ఏడు, 2013లో, పెద్ద పోటీల్లో మగవాళ్ళకి హెడ్‌గార్డ్ తీసేశారు. అది ఉంటేనే తలకి దెబ్బలు ఎక్కువ తగులుతున్నాయని వాదించారు. ఆడవాళ్ళకి మాత్రం ఉంచేశారు. వాళ్ళ మీద తగినన్ని అధ్యయనాలు లేవన్నది చెప్పిన కారణం. 2016 రియోలో ఒకే బరిలో మగవాళ్ళు హెడ్‌గార్డ్ లేకుండా, ఆడవాళ్ళు పెట్టుకుని పోటీపడ్డారు. 2024 పారిస్‌లో కూడా అంతే.

మన నిఖత్ జరీన్‌ని తలుచుకోండి. నిజామాబాద్ నుంచి బయల్దేరి 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. పారిస్‌లో హెడ్‌గార్డ్ పెట్టుకునే బరిలోకి దిగింది. హెడ్‌గార్డ్ మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అది కనుబొమ చిట్లకుండా కాపాడుతుంది, గిన్నెలో జున్ను మెలితిరగడాన్ని పూర్తిగా ఆపలేదు. నా బాధల్లా ఒకటే. మగవాళ్ళ విషయంలో తప్పో ఒప్పో, ఏవో అంకెలు చూసి నిర్ణయం తీసుకున్నారు. అమ్మాయిల విషయంలో అంకెలే లేవు కాబట్టి ఉన్నది ఉన్నట్టు ఉంచేశారు. ఆడవాళ్ళ మెడ, తల, కండరాలు మగవాళ్ళవాటికి చిన్న సైజు నకళ్ళు కావు. వాళ్ళని విడిగా కొలవాలి.

మనం ఏం అడగాలి?

మీ అమ్మాయిని క్లాసు మాన్పించమని నేను చెప్పడం లేదు. కరాటే, టైక్వాండో పిల్లలకి ఇచ్చే ధైర్యం, ఒద్దిక మీకు తెలిసినవే. బాక్సింగ్ మాట మాత్రం వేరు. తలకి గురిపెట్టడమే ఆటలో భాగం కాబట్టి పిల్లలకి అది వద్దని అమెరికా, కెనడా పిల్లల డాక్టర్ల సంఘాలు 2011లో కలిసి గట్టిగానే చెప్పాయి. ఏ క్లాసైనా సరే, ఈసారి దింపడానికి వెళ్ళినప్పుడు మాస్టరుని నాలుగు మాటలు అడగండి.

ఏ వయసు నుంచి, ఏ బెల్ట్ నుంచి తలకి తగిలేలా కొట్టనిస్తారు? పిల్లల్ని జతచేసేటప్పుడు బరువు చూస్తారా, వయసు మాత్రమే చూస్తారా? తలకి గట్టిగా తగిలితే ఆపే అధికారం ఎవరిది? ఆ రోజు మళ్ళీ ఆడనిస్తారా? ఈ ఆఖరి ప్రశ్నకి సరైన జవాబు ఒక్కటే. మెదడు అదిరిందన్న అనుమానం ఉంటే ఆ రోజు మళ్ళీ దించకూడదు, డాక్టరు చూసి సరేనన్నాకే తిరిగి మొదలుపెట్టాలి. పిల్లలు "నాకేం కాలేదమ్మా" అంటారు. పోటీ మధ్యలో ఉన్నవాళ్ళ మాట ఆ ఒక్క విషయంలో నమ్మకండి. తలనొప్పి, వాంతి, మగత, అడిగిందే మళ్ళీ అడగడం కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా చూపించండి.

ఇక ఆ 129,161 వీడియో మళ్ళీ గ్రూపులోకి వస్తే, మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్క మాట అడగండి: "మరి ఆ గుద్దు తిన్నవాడికి ఎంత వచ్చింది?" వాళ్ళు ఆలోచిస్తూ ఉండగా మెక్‌నైర్ లైబ్రరీ కథ చెప్పండి. దాన్ని ఫార్వర్డ్ చేసినా తప్పులేదు.